రెండు తిరుమలగిరులు

ఈ వారం ఒక చిన్న అబద్ధంతో మొదలుపెడుతున్నాను. అది నేను ఆడిన అబద్ధమే.

యాసంగి వడ్లు మిల్లులకు చేరే రోజులవి. ఒకనాటి సాయంత్రం నలుగురు యువకులు మా ఇంటి ముందు నిలబడ్డారు. రైస్ మిల్లులో హమాలీ పనికి బీహారు నుంచి వచ్చినవాళ్ళు. మా ఇంటి వెనుక ఒక గది ఖాళీగా ఉందని వాళ్ళకు ఎవరో చెప్పారట. "చాచా, కమ్రా మిలేగా?" అని అడిగారు. నేను వాళ్ళ పేర్లు అడగలేదు. ఎన్నాళ్ళుంటారని అడగలేదు. "ఖాళీ లేదు" అన్నాను. వాళ్ళు చేతులు జోడించి నమస్కారం పెట్టి వెళ్ళిపోయారు. ఆ గదిలో ఒక పాత మంచం, రెండు ఎరువుల బస్తాలు తప్ప మరేమీ లేవు.

రెండు నెలలు గడిచాయి. మా అక్క కొడుక్కి సికింద్రాబాదులో ఉద్యోగం దొరికింది. ఆఫీసు ఎక్కడరా అంటే, "తిరుమలగిరిలోనే మామా" అని నవ్వాడు. మనది సూర్యాపేట నుంచి జనగామకు పోయే దారిలోని తిరుమలగిరి. వాడు వెళ్ళేది సికింద్రాబాదు కంటోన్మెంటులోని తిరుమలగిరి. పేరొకటే, ఊళ్ళు రెండు. గది వెతకడానికి వాడికి తోడుగా నేనూ బస్సెక్కాను.

ఆ రోజు ఏడిళ్ళ గడప తొక్కాం. పెళ్ళికాని పిల్లలకు ఇవ్వమన్నారు కొందరు. ఒక ఇంటాయన మాత్రం గేటు దగ్గరే నిలబెట్టి, మా ఊరు, మా కులం, మేము తినే తిండి, మేము వెళ్ళే గుడి, అన్నీ విచారించాడు. "క్రైస్తవులమండి" అన్నాను. ఆయన ముఖంలో ఏదో మారింది. "గది ఖాళీ లేదండి" అని లోపలికి వెళ్ళిపోయాడు. అద్దెకు ఇవ్వబడును అన్న బోర్డు గేటుకు వేలాడుతూనే ఉంది. "బోర్డు తీసుడు మరిచిపోయినట్టున్నరు మామా" అని పిల్లవాడు నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. ఆ మాటలు నాకు కొత్తవి కావు. నా నోటితో నేను అన్నవే, మరొకరి గేటు దగ్గర నాకు తిరిగి వినిపించాయి.

ఆ సాయంత్రం మనసు బాగాలేక ఇద్దరం లష్కర్ వీధుల్లో చాలాసేపు తిరిగాం. ఆ నడకలో తట్టిన ఆలోచనలే ఇవి.

పరదేశులు కట్టిన ఊరు

సికింద్రాబాదును మన పెద్దలు ఇప్పటికీ లష్కర్ అనే అంటారు. లష్కర్ అంటే సైన్యం. 1798లో నిజాం ఆంగ్లేయులతో సైనిక ఒప్పందం చేసుకున్నాడు. ఆ ఒప్పందం ప్రకారం కంపెనీ పటాలాలు హుస్సేన్ సాగర్‌కు ఉత్తరాన గుడారాలు వేశాయి. 1806లో ఆ దండుకు మూడో నిజాం సికందర్ జా పేరు పెట్టారు. అంటే అది ఎవరి పుట్టినూరూ కాదు. రాళ్ళూ, తుమ్మచెట్లూ ఉన్న మైదానంలో బయటివాళ్ళు వచ్చి దిగిన చోటు. 1857 తిరుగుబాటు తర్వాత మరింత భద్రత కావాలనుకుని తిరుమలగిరి వైపున కందకం తవ్వి, గోడలు కట్టి, సైనిక స్థావరాన్ని పెంచారు.

సైన్యం ఒక్కటే రాదు కదా! దాని వెనుక వంటవాళ్ళు, చాకళ్ళు, బోయీలు, మేస్త్రీలు, నీళ్ళు మోసేవాళ్ళు, సరుకులమ్మేవాళ్ళు వచ్చారు. మద్రాసు పటాలాలతో తమిళులు వచ్చారు. పద్మారావు నగర్ పేరులోని పద్మారావు గారు ముదలియారే. బొంబాయి వైపు నుంచి పారశీకులు వచ్చారు. వాళ్ళ పూర్వులు వెయ్యేళ్ళ కిందట ఇరాన్ విడిచి గుజరాత్ తీరానికి ఆశ్రయం కోరి వచ్చినవాళ్ళు. ఆ వంశాల వ్యాపారులే 1847లో సికింద్రాబాదులో తమ అగ్ని దేవాలయాన్ని నిలుపుకున్నారు. గుజరాతీలు, మార్వాడీలు జనరల్ బజారులో దుకాణాలు తెరిచారు. 1874లో రైలు వచ్చింది, 1893లో లాలాగూడ వర్క్‌షాపు వచ్చింది. వాటితో ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు మెట్టుగూడ, లాలాగూడ ప్రాంతాల్లో స్థిరపడ్డాయి. తర్వాత ఇరానీలు వచ్చి చాయ్ హోటళ్ళు పెట్టారు. ఈనాడు హైదరాబాదు రుచి అని మనం చెప్పుకునే ఆ చాయ్ కూడా పొరుగుదేశం నుంచి నడిచి వచ్చిందే.

హైందవ సోదరుల లష్కర్ బోనాల వెనుక కూడా ఇలాంటి ప్రయాణమే ఉందని చెబుతారు. 1813లో నగరంలో కలరా చెలరేగినప్పుడు, సైన్యంలో డోలీ మోసే సురిటి అప్పయ్య ఉజ్జయినిలో ఉన్నాడట. తన ఊరి ప్రజలు బతికితే అమ్మవారిని అక్కడ నిలుపుతానని మొక్కుకుని, 1815లో తిరిగి వచ్చి ఆ మొక్కు తీర్చుకున్నాడట. పరాయి ఊళ్ళో ఉండి సొంత ఊరి కోసం కన్నీరు కార్చిన ఒక కూలివాడి జ్ఞాపకంగా నేను దాన్ని అర్థం చేసుకుంటాను.

ఇక మన గుడి సంగతి. సరోజినీదేవి రోడ్డులో ఉన్న పునీత మరియమాత దేవాలయ నిర్మాణం 1847లోనే మొదలై 1850లో పూర్తయింది. పారశీకుల గుడి నిలిచిన సంవత్సరమే అది! దాన్ని కట్టించిన డేనియల్ మర్ఫీ గారు ఐర్లండ్ దేశస్థుడు. పటాలాల్లోని ఐరిష్ సైనికులు, మద్రాసు వైపు నుంచి వచ్చిన తమిళ కుటుంబాలు ఆనాటి విశ్వాసులు. మర్ఫీ గారు ఆ తర్వాత ఇంకా దూరం వెళ్ళి, ఆస్ట్రేలియా పక్కనున్న టాస్మానియా ద్వీపంలో, హోబర్ట్ నగరానికి మేత్రాణులయ్యారు. 2008లో ఈ గుడికి బసిలికా గౌరవం దక్కింది. మేము వెళ్ళేసరికి లోపల ఒక ముసలమ్మ తమిళంలో జపమాల చెప్పుకుంటున్నది. మేము తెలుగులో పరలోక జపం చెప్పుకున్నాం. మా ఇద్దరి మాటలూ వినే తల్లి ఒక్కతే.

తుపాకితో వచ్చినవాడు, తట్టతో వచ్చినవాడు

ఈ ఊరు ప్రేమతో కట్టిన ఊరని చెప్పి మిమ్మల్ని మభ్యపెట్టను. ఇది యుద్ధం కోసం, అధికారం కోసం కట్టిన ఊరు. దొరల బంగళాలు ఒక పక్క, కూలీల గుడిసెలు మరో పక్క. నిజాం ఇచ్చే సొమ్ముతో బతికిన సైన్యం నిజాంనే కనిపెట్టి చూసింది. ఆ సొమ్ము చివరకు ఎవరి చెమట నుంచి వచ్చిందో మన పల్లెలకు తెలుసు.

అయినా ఒక వింత చూడండి. తుపాకితో వచ్చినవాడు 1947లో వెళ్ళిపోయాడు. తట్టతో వచ్చినవాడు మిగిలాడు. అతని మనుమలు, మునిమనుమలు ఈ ఊరివాళ్ళయ్యారు. ఈనాడు సికింద్రాబాదు ఎవరిది అంటే, దాన్ని జయించినవాడిది కాదు, దానికి నీళ్ళు మోసినవాడిది. ఎందుకు వచ్చాడన్నది ఒక ప్రశ్న. వచ్చిన తర్వాత ఏమి ఇచ్చాడన్నది రెండో ప్రశ్న. ఒక ఊరిని సొంతం చేసేది ఈ రెండోదే.

మరి ఆ మునిమనుమలు ఈనాడు గేటు దగ్గర నిలబడి, నల్లగొండ పల్లె నుంచి వచ్చిన పిల్లవాణ్ణి "ఏ ఊరు మీది?" అని ఎందుకు అనుమానంగా అడుగుతారు? వాళ్ళ తాతను కూడా ఎవరో ఒకరు ఇలాగే అడిగి ఉంటారు కదా! ఇంతకీ ఆ ప్రశ్న వేయడానికి నాకేమి అధికారం ఉంది? నేనూ నా గది తాళం తీయలేదు.

జ్ఞాపకముంచుకోవడం కూడా ఒక ఆజ్ఞే

పవిత్ర గ్రంథంలో దేవుడు ఇశ్రాయేలు ప్రజలకు పరదేశి గురించి ఒకసారి కాదు, పదేపదే చెప్పాడు. నిర్గమకాండం 22, లేవీయకాండం 19, ద్వితీయోపదేశకాండం 10 అధ్యాయాలు తీసి చూడండి. పరదేశిని బాధించవద్దు, మీలో ఒకడిగా ప్రేమించండి అన్న ఆజ్ఞ ఉంది. దాని పక్కనే కారణమూ ఉంది. మీరు కూడా ఐగుప్తులో పరదేశులుగా బతికారు కదా అని. పాపం అని జాలిపడమని దేవుడు చెప్పలేదు. గుర్తు తెచ్చుకోమన్నాడు. జాలిపడేవాడు మెట్టు మీద నిలబడి కిందికి చూస్తాడు. గుర్తున్నవాడు కిందికి దిగి పక్కన కూర్చుంటాడు.

మన ఐగుప్తు ఎక్కడ? దూరం వెళ్ళనక్కరలేదు. ముంబయిలో కామాటిపుర అనే పేట ఉంది. 18వ శతాబ్దం చివరి నుంచీ నిజాం రాజ్యంలోని తెలుగు ప్రాంతాల నుంచి వెళ్ళి, ఆ మహానగరపు కట్టడాలకు రాళ్ళెత్తిన కూలీలను కామాటీలన్నారు. వాళ్ళు గుడిసెలు వేసుకున్న చోటే కామాటిపుర. తర్వాతి కాలంలో ఆ పేటకు వేరే కారణంగా చెడ్డపేరు వచ్చింది. ఈనాడు ఆ పేరు చెబితే జనం ముఖం తిప్పుకుంటారు. దాని వెనుక ఉన్న మన తాతల చెమట ఎవరికీ గుర్తులేదు. పరదేశికి జరిగే అన్యాయాల్లో ఇదీ ఒకటి. అతను కట్టిన గోడ మిగులుతుంది, అతని పేరు మాసిపోతుంది, లేదా మలినమవుతుంది.

షోలాపూర్, భివండి, సూరత్ మగ్గాల దగ్గర మన నల్లగొండ, వరంగల్, కరీంనగర్ జిల్లాల నేతన్నలు తరతరాలుగా బతికారు. ఇక పాలమూరు లేబర్ అన్న మాట తెలియనివారెవరు? కరువుకు ఊరొదిలి, పిల్లలను చంకనెత్తుకుని వెళ్ళి, దేశంలో ఎన్నో ఆనకట్టలు, కాలువలు, రోడ్లు కట్టినవాళ్ళు మన పక్క జిల్లా వాళ్ళే. ఏ మేస్త్రీ అడ్వాన్సు ఇస్తే అతని వెంట లారీ ఎక్కారు. వాళ్ళకు ఎవరైనా చల్లని నీళ్ళు ఇచ్చి ఉంటే, ఆ పుణ్యాత్ములకు మన ప్రాంతమంతా రుణపడి ఉంది. ఆ రుణం వాళ్ళకు తీర్చలేం. ఈనాడు మన గడపకు వచ్చినవాడికి మాత్రం తీర్చగలం.

అందరు పరాయివాళ్ళూ ఒకటేనా?

ఇక్కడ ఒక పాఠకుడు నన్ను నిలదీయవచ్చు. "బయటినుంచి వచ్చినవాళ్ళ వల్ల తెలంగాణ పడ్డ బాధ మరిచిపోయారా? 1952లో ముల్కీ ఉద్యమం ఎందుకు వచ్చింది? 1969లో పిల్లలు ప్రాణాలెందుకు పోగొట్టుకున్నారు?" అని. న్యాయమైన ప్రశ్న. మన ఉద్యోగాలు, మన నీళ్ళు మనకు దక్కాలని అడగడం పాపం కాదు. ఆ వేదన నుంచే 2014లో మన రాష్ట్రం ఏర్పడింది. పరదేశిని ప్రేమించమన్న మాట అడ్డుపెట్టుకుని, స్థానికుడి కంచం లాక్కోవడం ధర్మం కాదు.

కాని పవిత్ర గ్రంథంలో పరదేశి ఎవరి వరుసలో నిలబడ్డాడో గమనించండి. రాజుల వరుసలో కాదు, విధవరాలు, అనాథ బిడ్డల వరుసలో. అంటే అధికారంతో వచ్చి మన వాటా తీసుకునేవాడి గురించి కాదు ఆ మాట. చేతులు తప్ప మరేమీ తెచ్చుకోనివాడి గురించి. పెత్తనం చేయడానికి వచ్చినవాణ్ణి హక్కుల కోసం ప్రశ్నించాలి. ఆకలితో వచ్చినవాణ్ణి అన్నానికి పిలవాలి. మన పొరపాటు ఎక్కడంటే, మొదటివాడి ముందు చేతులు కట్టుకుని నిలబడతాం, వాడి మీద కోపం రెండోవాడి మీద చూపిస్తాం. బస్తాకింత అని లెక్కగట్టుకుని మిల్లులో మోసే బీహారు పిల్లవాడు మన ఉద్యోగాలు దోచుకుంటున్నాడా? వాడికి తక్కువ కూలి ఇచ్చి మనవాడి కూలి కూడా తగ్గించేది వాడా, ఇంకొకరా? కూలి తగ్గితే తప్పు కూలి ఇచ్చేవాడిది.

మరొకరు భయం సంగతి అడుగుతారు. ముక్కూ మొహం తెలియనివాళ్ళను ఇంట్లో ఎలా పెట్టుకుంటాం, ఆడపిల్లలున్న ఇల్లు అని. ఇదీ నిజమే. ఆధార్ కార్డు చూడడం, మిల్లు యజమానిని విచారించడం, పోలీస్ స్టేషనులో వివరాలు ఇవ్వడం జాగ్రత్త. జాగ్రత్త పాపం కాదు. కాని జాగ్రత్తకు, అసహ్యానికి తేడా ఉంది. జాగ్రత్త ప్రశ్న అడుగుతుంది, జవాబు వింటుంది. అసహ్యం ప్రశ్న అడగకముందే తలుపు వేస్తుంది. నేను ఆ నలుగురి పేర్లు అడగలేదని చెప్పాను కదా, నాది జాగ్రత్త కాదని నాకు అక్కడే తెలిసింది.

పనికి పిలవడం, పంక్తిలో కూర్చోబెట్టడం

2020 మే 1వ తేదీ మీకు గుర్తుందా? కరోనా లాక్‌డౌన్‌లో చిక్కుకుపోయిన వలస కూలీల కోసం దేశంలో మొదటి శ్రామిక రైలు బయలుదేరింది మన రాష్ట్రం నుంచే. లింగంపల్లి నుంచి జార్ఖండ్‌లోని హటియాకు సుమారు 1,200 మంది కూలీలు వెళ్ళారు. అంతకు ముందూ ఆ తర్వాతా ఎందరో రోడ్ల మీద కాలినడకన పోయారు. మన మధ్య ఇంతమంది ఉన్నారా అని అప్పుడు ఆశ్చర్యపోయాం. వాళ్ళు కట్టిన భవనాలు రోజూ చూశాం, వాళ్ళను చూడలేదు. పని ఆగిపోగానే వాళ్ళకు ఇక్కడ చోటు లేకుండా పోయింది. ఎందుకంటే వాళ్ళను పనికి పిలిచాం గాని, పంక్తిలో కూర్చోబెట్టలేదు.

తిరుకుటుంబం బేత్లెహేములో చోటు దొరకక పశువుల పాకలో తలదాచుకున్నది. తర్వాత హేరోదుకు భయపడి రాత్రికి రాత్రే ఐగుప్తుకు పారిపోయింది. పన్నెండవ భక్తినాథ పోపు గారు 1952లో వలస ప్రజల గురించి రాసిన లేఖలో, ఐగుప్తుకు వలసపోయిన ఈ కుటుంబాన్నే వలస కుటుంబాలన్నింటికీ ఆదర్శంగా చూపారు. ఫ్రాన్సిస్ పోపు గారు 2013లో రోము వెలుపల తమ మొదటి ప్రయాణంగా వెళ్ళింది లాంపెడూసా ద్వీపానికి, సముద్రంలో మునిగి చనిపోయిన వలసదారుల కోసం ప్రార్థించడానికి. పరదేశికి సంబంధించి ఆయన మనకు నాలుగు పనులు చెప్పారు. చేర్చుకోవడం, కాపాడడం, ఎదగనివ్వడం, మనలో కలుపుకోవడం. మనం చాలాసార్లు మొదటి పని దగ్గరే ఆగిపోతాం. నేనైతే మొదటి పనిలోనే తప్పాను.

మన విశ్వాసం కూడా మనకు పరదేశుల చేతుల మీదుగానే అందింది. ఐరిష్ గురువులు వచ్చారు. ఇటలీ నుంచి మిలాన్ గురువులు వచ్చారు. 1976లో నల్లగొండ మేత్రాసనం ఏర్పడినప్పుడు మొదటి మేత్రాణులు కేరళ బిడ్డ, మత్తయి చెరియన్‌కున్నేల్ గారు. వాళ్ళ తెలుగు విని మన తాతలు నవ్వుకున్నారేమో గాని, గడప దగ్గర ఆపలేదు. ఆపి ఉంటే ఈ పత్రిక మీ చేతిలో ఉండేది కాదు.

ఈనాడు మన ప్రాంతపు ఇటుక బట్టీలకు ఒడిషా నుంచి కుటుంబాలు వస్తున్నాయి. జార్ఖండ్, ఒడిషా ఆదివాసుల్లో మన కతోలిక విశ్వాసులు ఎందరో ఉన్నారు. ఒక విచారణ గుడిలో నేను కళ్ళారా చూశాను. ఆదివారం దివ్యబలిపూజకు అలాంటి కుటుంబం ఒకటి వచ్చి చెప్పుల దగ్గర నిలబడింది. సత్ప్రసాదం లోకున్నారు, శిలువ గుర్తు వేసుకున్నారు, వెళ్ళిపోయారు. మనలో ఒక్కరూ పలకరించలేదు, నేను కూడా. ఒకే రొట్టెలో పాలు పంచుకుని, ఒక్క మాట పంచుకోకపోతే, మనం తీసుకున్నది ఏమిటి?

భాష రాకపోతేనేం? చేయి పట్టుకుని ముందు వరుసలో కూర్చోబెట్టడానికి ఏ భాషా అక్కరలేదు. మీ విచారణలోని యువజనులకు హిందీ వచ్చు కదా, వారితో ఒక పఠనం హిందీలో చదివించండి. మరియదళం, విన్సెంట్ డి పాల్ సభ్యులు ఒక్క ఆదివారం బట్టీల దగ్గరికి వెళ్ళి రండి. అక్కడి పిల్లలు బడికి పోతున్నారో లేదో కనుక్కోండి. మీ దగ్గర పనిచేసేవాళ్ళుంటే, వాళ్ళ కూలి ఆనాడే ఇవ్వండి. కనీసం పేరు అడగండి. పేరు తెలిసినవాణ్ణి పరాయివాడనుకోవడం కష్టం.

మన పక్కనే ఉన్న ఫణిగిరి గుట్ట మీద రెండువేల ఏళ్ళనాటి బౌద్ధ విహారాల శిథిలాలున్నాయి. ఊరూరా తిరిగే భిక్షువులు తలదాచుకోవడానికి గదులు వరుసగా కట్టారక్కడ. కరువు నేల అని పేరుపడ్డ మన గుట్టల మీద ఆనాడే బాటసారులకు గదులున్నాయి. నా ఇంటి వెనుక గదిలో మాత్రం ఎరువుల బస్తాలున్నాయి.

మా మేనల్లుడికి చివరకు గది దొరికింది. ఇచ్చినావిడ ఒక తమిళ వృద్ధురాలు. అద్దె ఎంతో చెప్పిన తర్వాత ఆమె అడిగింది ఒక్కటే. "అన్నం తిన్నారా?"

ఇంటికి వచ్చిన మర్నాడే మిల్లుకు వెళ్ళాను. ఆ నలుగురూ లేరు. సీజను అయిపోయింది, వాళ్ళ ఊరికి వెళ్ళిపోయారన్నారు. అన్ని రోజులూ ఎక్కడ పడుకున్నారని అడిగితే, గుమాస్తా షెడ్డు కింద బస్తాల గుట్ట చూపించాడు. వాళ్ళ పేర్లు అతనికీ తెలియవు.

బస్తాలు తీయించాను. గదికి సున్నం వేయించాను. వానాకాలం వడ్లు వచ్చేసరికి మళ్ళీ ఎవరో ఒకరు వస్తారు. ఆ నలుగురే రాకపోవచ్చు. క్రీస్తు ప్రభువు తీర్పునాడు పరదేశిగా వచ్చింది తానేనని చెప్పబోతున్నాడు. ఆయన ఏ ముఖంతో వస్తాడో మనకు ముందుగా తెలియదు. తలుపు మాత్రం మన చేతిలో ఉంది.